ఖాళీ వదలడం

డిక్టేషన్ మిషను రెండు ముక్కల సరుకు. ఒకటి చెప్పేవాళ్ల చేతిలో ఉంటుంది, రెండోది రాసేవాళ్ల కాలికింద పడి ఉంటుంది. చేతిలోది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. గుప్పిట్లో ఒదిగే మైకు, దాని మీద బొటనవేలితో జరిపే మీట. మీట ఒక్కో మెట్టు జరిగితే రికార్డు, స్టాపు, ప్లే, రివైండు. ఫిలిప్స్ వాళ్ల స్పీచ్‌మైక్ చేతికి అలవాటైన రేడియాలజిస్టు ఎక్స్‌రే మీంచి కళ్లు తిప్పకుండా పూటంతా చెప్పుకుపోగలడు. కాలికింది ముక్క మాత్రం ఉత్త నల్లటి పలక. మధ్యలో నొక్కితే గొంతు వినిపిస్తుంది, ఎడమ వైపు నొక్కితే వెనక్కి, కుడి వైపు నొక్కితే ముందుకి. కేటలాగులో మైకుకి నిండు పేజీ బొమ్మ వేస్తారు. పెడలు సంగతి చివర్న, విడిగా కొనుక్కోవాల్సిన వాటి జాబితాలో, ఒక లైనులో తేలిపోతుంది.

నేను పెడలు తరఫు మనిషిని. అమెరికా డాక్టర్లు పగలు చెప్పింది హైదరాబాదులో రాత్రంతా విని టైపు చేసిన వేలమందిలో ఒకర్ని. కాబట్టి ఇక్కడ నా మాట కొంచెం ఒక పక్కకి ఒరిగే ఉంటుంది, చదివేవాళ్లు ఆ మేరకు తగ్గించుకోవచ్చు.

ఒరగడానికి కారణం మిషను పుట్టుకలోనే ఉంది. థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టాడు. మరుసటి ఏడాది నార్త్ అమెరికన్ రివ్యూ అనే పత్రికలో వ్యాసం రాస్తూ, అది దేనికి పనికొస్తుందో వరసగా చెప్పాడు. అన్నిటికంటే ముందు రాసింది, స్టెనోగ్రాఫరు సాయం అక్కర్లేకుండా ఉత్తరాలు చెప్పుకోవడం. సంగీతం నాలుగోది. గ్రామఫోను అనగానే మనకి పాత పద్యాలూ హరికథలూ గుర్తుకొస్తాయి గానీ, ఫోనోగ్రాఫ్‌ని కన్న తండ్రి మనసులో ఉన్న మొదటి కోరిక మాత్రం ఆఫీసులో ఎదురుగా కూర్చునే ఆ గుమాస్తాని లేపేయడం.

గుమాస్తా లేవలేదు. కుర్చీ మాత్రం మారింది. దొరగారి గదిలోంచి వెనక హాల్లోకి వెళ్లి, చెవుల్లో గొట్టాలు పెట్టుకుని కూర్చున్నాడు, అనతికాలంలోనే కూర్చుంది. మైనపు సిలిండరు మీద చెప్పిన మాటలు టైపయ్యాక పైపొర చెక్కేసి మళ్లీ వాడుకునేవాళ్లు. కొలంబియా కంపెనీ 1907లో డిక్టాఫోన్ అన్న పేరు రిజిస్టరు చేసుకుంది. తర్వాత ప్లాస్టిక్ బెల్టులొచ్చాయి, టేపులొచ్చాయి, అగ్గిపెట్టెలాంటి చిన్న క్యాసెట్లొచ్చాయి, 1990ల్లో ఫైళ్లొచ్చాయి. అన్నన్ని మార్పుల్లోనూ వెనక హాల్లో కూర్చున్న మనిషికి పోయింది ఒక్కటే: అడిగే వీలు.

మా నాన్నగారు గుంటూరులో కోర్టు స్టెనో. షార్టుహ్యాండు లోయరు నిమిషానికి 80 మాటలు, హయ్యరు 120. ఆ సర్టిఫికెట్టు ఒకటి చేతిలో ఉంటే తెలుగు కుర్రాడికి మద్రాసులోనో బొంబాయిలోనో అన్నం పుట్టే రోజుల మనిషి ఆయన. పిట్‌మన్ పద్ధతిలో గీత సన్నగా ఉంటే ‘ప’, ఒత్తి గీస్తే ‘బ’. అచ్చుల్ని చాలావరకు వదిలేస్తారు, తర్వాత సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. జడ్జిగారు వేగం అందుకున్నప్పుడు ఒక మాట జారిపోయిందనుకోండి, నాన్నగారు అక్కడ వేలెడు చోటు వదిలి, పుస్తకం అంచున చిన్న అడ్డగీత గీసి ముందుకెళ్లిపోయేవారు. సాయంత్రం ఛాంబరు గుమ్మంలో నిలబడి, “అయ్యా, మూడో పేరాలో ఒక్క మాట” అనేవారు. జడ్జిగారు విసుక్కుంటూ చెప్పేవారు. ఒక్కోసారి చెప్పబోయి ఆగి, ఆ వాక్యమే మార్చేసేవారట. అడిగిన ప్రశ్న వల్ల తీర్పులో ఒక వాక్యం బాగుపడిందన్నమాట. నాన్నగారు దీన్ని గొప్పగా చెప్పుకునేవారు కాదు గానీ, చెప్పకుండా ఉండేవారూ కాదు.

దోస్తయెవ్‌స్కీ దగ్గర పనికి చేరిన అన్నా స్నిట్‌కినా అనే స్టెనో పిల్ల కూడా మొదటిరోజే అడిగిందట, అంత గబగబా చెబితే ఎలాగండీ, మామూలుగా మాట్లాడినట్టు చెప్పండి అని. అది 1866. ‘జూదరి’ నవల గడువులోగా పబ్లిషరుకి ఇవ్వకపోతే తన రచనల మీద హక్కులన్నీ కొన్నేళ్లపాటు అతని పాలయ్యే ఒప్పందం మీద ఆ మహానుభావుడు సంతకం పెట్టేసి ఉన్నాడు. నవల గడువుకి పూర్తయింది, మరుసటి ఏడాది ఇద్దరికీ పెళ్లి కూడా అయింది. మిషనుకి చెప్పి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పను.

వ్యాసుడు, వినాయకుడు మనకి ఎలాగూ ఉన్నారు. నా గంటం ఆగకూడదు అన్నాడు రాసేవాడు. అర్థం కాకుండా ఒక్క ముక్క రాయకూడదు అన్నాడు చెప్పేవాడు. పూనా భండార్కర్ సంస్థ పండితులు మహాభారతానికి సంశోధిత ప్రతి తయారు చేసినప్పుడు ఈ కథని ప్రక్షిప్తమని తేల్చి మూలంలోంచి తీసేశారు. తీసేస్తే తీసేశారు గాక. మధ్యలో ఎవరో చేర్చారంటే, చేర్చినవాడు తప్పకుండా లేఖకుడే అయి ఉంటాడని నా అనుమానం. డిక్టేషన్ తీసుకునేవాళ్ల ఉద్యోగ నిబంధనల్ని అంత కుదురుగా ఇంకెవరూ రాయలేదు.

ఇక హైదరాబాదు సంగతి. ఇప్పటి పిల్లలకి అమీర్‌పేట అంటే జావా, పైథాన్. 2000 ప్రాంతంలో అవే మెట్ల మీద, అవే గోడల మీద ‘మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్’ అని బోర్డులుండేవి. బీఎస్సీ చదివినవాళ్లు, బీజడ్‌సీ వాళ్లు, మెడిసిన్ సీటు రాక ఆగినవాళ్లు, పెళ్లయి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు చేరేవాళ్లం. ఎముకల పేర్లు, మందుల పేర్లు, టెక్సాస్ యాస, నైజీరియా యాస, మన గుజరాతీ డాక్టర్ల అమెరికా యాస. ముప్పై పేజీల నోట్సుతో మొదలెట్టి, గుండెకాయలో నాలుగు గదులూ నిద్రలో కూడా చెప్పగలిగేదాకా తోమేవాళ్లు.

ఈ పని మనదాకా రావడానికి ఆ డిజిటల్ ఫైలే దారి. ఫిలిప్స్, గ్రుండిగ్, ఒలింపస్ కంపెనీలు కలిసి డీఎస్ఎస్ అని ఒక పద్ధతి పెట్టుకున్నాయి. మనిషి గొంతుకి అవసరమైనంత మట్టుకు ఉంచి మిగతాదంతా పిండేస్తుంది. పది నిమిషాల మాట సుమారు ఒక ఎంబీలో ఇమిడిపోయేది. ఆ రోజుల నెట్ లైన్ల మీద అంతకంటే బరువైంది రావడం కష్టం. అక్కడ డాక్టరు సాయంత్రం మైకు స్టాండులో పెట్టి ఇంటికెళ్లేసరికి ఇక్కడ మాకు తెల్లారబోతూ ఉండేది. వాళ్లు పొద్దున వచ్చేసరికి రిపోర్టు సిద్ధం. భూమి గుండ్రంగా ఉండడం వల్ల ఇంత డబ్బు మిగులుతుందని అమెరికా ఆస్పత్రులకి అప్పటిదాకా తట్టలేదు.

కూలి లైను లెక్కన. లైనంటే 65 అక్షరాలు, ఖాళీ జాగాలు కూడా కలుపుకుని. వేళ్లు కీబోర్డు మీద, కాలు పెడలు మీద, చెవులు అట్లాంటిక్ అవతల. కొత్తలో పెడలు మీద కాలు బిగదీసుకుపోయి పిక్క నొప్పి పుట్టేది. నాలుగు నెలలకి కాలు తనంతట తనే వినడం నేర్చుకుంటుంది. మాట అందకపోతే మెదడుకి తెలిసేలోపే పాదం లేస్తుంది. లేవగానే ఫైలు ఒకటి రెండు సెకన్లు వెనక్కి జరిగి ఆగుతుంది. మళ్లీ నొక్కితే ఆ మాట కొంచెం ముందునుంచి మొదలవుతుంది. ఈ చిన్న ఏర్పాటు ఎవరు చేశారో గానీ, వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు మా కుర్చీలో కూర్చున్నవాళ్లే. రెండో ఉపకారం, వేగం తగ్గించినా గొంతు మారకపోవడం. టేపుని నెమ్మదిగా తిప్పితే ఏ గొంతైనా భూతం గొంతే. ఫైల్లో మాత్రం డాక్టరు డాక్టరులాగే, కాస్త నిద్రమత్తులో ఉన్నట్టు వినిపిస్తాడు. పాదానికి ఒరిగినవి ఈ రెండే. మిగతావన్నీ బొటనవేలికి చేసిన సేవలు: మధ్యలో కొత్త మాట చేర్చడం, చెరపడం, అర్జెంటు గుర్తు పెట్టడం. మాకు వచ్చిన ఫైళ్లలో సగానికి అర్జెంటు గుర్తు ఉండేది.

చెప్పేవాళ్లు రకరకాలు. మా వృత్తిలో వాళ్లని డిక్టేటర్లంటారు, తిట్టు కాదు. ఒకాయన శాండ్‌విచ్ నములుతూ చెప్పేవాడు. ఒకావిడ కారు నడుపుతూ చెప్పేది, ఎడమ మూత్రపిండం గురించి చెబుతూ మధ్యలో పక్క కారువాణ్ణి తిట్టేది, “పీరియడ్, న్యూ పేరాగ్రాఫ్” అనేది. తిట్టు ఏ పేరాలోకి వస్తుందో మేం సొంతంగా నిర్ణయించుకోవాలి. మనిషి మొహం ఎరగను గానీ ఏ డాక్టరుకి జలుబు చేసిందో, ఎవరు సెలవు మీదనుంచి వచ్చారో, ఏ కేసు దగ్గర ఎవరి గొంతు తగ్గిందో నాకు తెలిసేది. కేన్సరు అని చెప్పే ముందు ఒకాయన ప్రతిసారీ గొంతు సవరించుకునేవాడు.

ఒక రాత్రి సంగతి దగ్గరగా చూపిస్తాను. ఒక ముసలాయన డిశ్చార్జి సమ్మరీ. మందుల జాబితాలో ఒక మోతాదు దగ్గర వెనక ఎక్కడో ట్రాలీ గడగడలాడింది. ‘ఫిఫ్టీనా’, ‘ఫిఫ్టీయా’? పాదం లేపాను, మళ్లీ విన్నాను. వేగం తగ్గించి విన్నాను. హెడ్‌ఫోన్సు కుడి చెవికి గట్టిగా అదిమి విన్నాను. పక్క సీటామెకి ఇచ్చాను. ఆమె ఫిఫ్టీ అంది, నాకు ఫిఫ్టీన్ అనిపించింది. ఆ మందుకి రెండు మోతాదులూ ఉన్నాయి. అదే ఫైలు మొదట్లో ఎక్కడైనా చెప్పాడేమోనని వెతికాను, చెప్పలేదు. పావుగంట అయింది. పావుగంటలో ఎన్ని లైన్లు పోయాయో లైను లెక్క కూలివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆఖరికి అక్కడ నాలుగు అడ్డగీతలు కొట్టి, పక్కన నిమిషం, సెకను వేసి, మా రాత సరిచూసే క్యూఏ వాళ్లకి పంపాను. వాళ్లకీ తేలలేదు. ఆ గీతలు అలాగే డాక్టరుకి వెళ్లాయి.

ఇదే మాకు మొదటిరోజు నేర్పిన నియమం. వినపడకపోతే ఖాళీ వదలాలి, ఊహించకూడదు. చూడ్డానికి చిన్న నియమమే గానీ, పాటించడానికి చాలా మానాభిమానాలు చంపుకోవాలి. ఖాళీ అంటే నాకు చేతకాలేదని కాగితం మీద రాసిచ్చినట్టే. ఖాళీలు ఎక్కువైతే మార్కులు తగ్గుతాయి, మార్కులు తగ్గితే బోనసు తగ్గుతుంది. అందుకే తెలివైనవాళ్లకి ఊహించాలని ఎప్పుడూ చెయ్యి దురద. వాక్యం అంతా తెలిసిపోయి ఉంటుంది, ఆ ఒక్క మాటా ఏమై ఉంటుందో తెలిసినట్టే ఉంటుంది. తెలిసినట్టు ఉండడం దగ్గరే ఆగి చెయ్యి వెనక్కి తీసుకోగలిగినవాళ్లే మా దగ్గర పనిమంతులు. మంచి డాక్టర్లకి కూడా మా కష్టం తెలుసు. అంకె చెప్పి, వెంటనే ఒకటి, ఐదు అని విడగొట్టి మళ్లీ చెప్పేవాళ్లు. అలాంటి గొంతు చెవిలో పడితే దణ్ణం పెట్టాలనిపించేది.

అన్ని ఖాళీలూ ఇంత నిజాయితీగలవని నేననడం లేదు. లోకంలో అన్నిటికంటే పేరుమోసిన ఖాళీ కూడా పెడలు దగ్గరే పుట్టిందని చెప్పారు. వాటర్‌గేట్ గొడవలో నిక్సన్ టేపుల్లో ఒకదాని మీద, 1972 జూన్ 20 నాటి సంభాషణలో, పద్దెనిమిదిన్నర నిమిషాలు ఉత్త బుయ్యిమనే చప్పుడు. ఆయన సెక్రటరీ రోజ్ మేరీ వుడ్స్ 1973లో కోర్టుకొచ్చి, టేపు విని రాస్తుండగా ఫోను మోగింది, పెడలు మీద కాలు తియ్యకుండా ఫోను అందుకున్నాను, పొరపాటున రికార్డు మీట నొక్కి ఉంటాను అంది. అదీ ఓ అయిదు నిమిషాలకి మాత్రమే నా పూచీ అంది. ఎలా అందుకున్నావమ్మా అని ఫొటో తీయించారు: కాలు బల్లకింద పెడలు మీద, చెయ్యి వెనక ఎక్కడో ఉన్న ఫోను మీద, మనిషి మధ్యలో సర్కసు. కనీసం అయిదుసార్లు వేరువేరుగా చెరిపారని తర్వాత నిపుణులు తేల్చారు. మా వృత్తిలో ఎవరికి ఆ ఫొటో చూపించినా ముందు కాలు చూస్తారు, ఆ భంగిమలో పెడలు నొక్కి ఉంచడం కుదరదని అంటారు. చెరపడానికీ, వినపడలేదని గీత కొట్టడానికీ మధ్య ఉన్న తేడా పెడలు తొక్కినవాళ్లకి ఇట్టే తెలుస్తుంది.

తర్వాతి కథ వ్యాపార పేజీల కథ, త్వరగా చెప్పేస్తాను. 1997లో డ్రాగన్ నేచురల్లీ స్పీకింగ్ అని మనిషి మాటని ఆపకుండా అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేరు వచ్చింది. లెర్నౌట్ అండ్ హౌస్పీ అనే బెల్జియం కంపెనీ 2000లో డ్రాగన్‌నీ, పాత డిక్టాఫోన్‌నీ రెంటినీ కొనేసి, లెక్కల మోసం బయటపడి కుప్పకూలింది. ముక్కలు చేతులు మారి చివరికి న్యూయాన్స్ గూటికి చేరాయి. న్యూయాన్స్‌ని మైక్రోసాఫ్ట్ 2022లో సొంతం చేసుకుంది. ఎడిసన్ కోరిక తీరడానికి నూట నలభై ఏళ్లు పైన పట్టిందన్నమాట. మధ్యలో మమ్మల్ని టైపిస్టుల స్థానంనుంచి ఎడిటర్లుగా ‘ప్రమోషను’ చేశారు. మిషను రాసింది వింటూ దిద్దాలి. హోదా పెరిగింది, లైను రేటు తగ్గింది.

దిద్దడం మొదలెట్టిన వారంలోనే నాకు ఒక సంగతి తట్టింది. మిషను ముసాయిదాలో ఖాళీలు లేవు. ట్రాలీ గడగడలాడినా, డాక్టరు నమిలినా, ఎక్కడా ఒక్క అడ్డగీత లేదు. ప్రతిచోటా ఒక చక్కటి మాట, స్పెల్లింగు తప్పు కూడా లేకుండా. మనిషి టైపిస్టు తప్పు చేస్తే అది తప్పులాగే కనపడుతుంది. ఇది తప్పు చేస్తే ఒప్పులాగే కనపడుతుంది. అలాగని దానికి సందేహమే రాదనుకోకండి. లోపల ప్రతి మాటకీ ఎంత నమ్మకమో లెక్క వేసుకుంటూనే ఉంటుంది. కొన్నిచోట్ల ఆ లెక్క చూసి అనుమానపు మాటలకి రంగు వేసి చూపించేవాళ్లు. చాలాచోట్ల ఆ లెక్క లోపలే ఉండిపోయి, మాట ఒక్కటే తెల్లబట్టలు కట్టుకుని బయటికొచ్చేది. 2024లో ఓపెన్ఏఐ వాళ్ల విస్పర్ మీద కొందరు పరిశోధకులు పరీక్ష చేసి, సుమారు నూటికి ఒక ముక్కలో అసలు ఎవరూ అనని మాటలు చేర్చిందని చెప్పారు. పక్షవాతంలాంటివి వచ్చి మాట తడబడేవాళ్ల రికార్డింగుల్లో, మధ్యలో మౌనం ఎక్కువుండే చోట, ఈ చేర్పులు ఇంకా ఎక్కువట. మనిషి మాట కోసం వెతుక్కుంటూ ఆగితే, మిషను ఆ సందులో తన మాట పెట్టేస్తోంది. నాన్నగారైతే వేలెడు చోటు వదిలేవారు.

సాఫ్ట్‌వేరు చెడ్డదని నా వాదన కాదు. నాకంటే వేగం, నాకంటే ఓపిక, పిక్క నొప్పి లేదు. తెలుగులో ఫోనుకి చెబితే టైపు చేసి పెడుతోంది, ఈ వ్యాసంలో కొన్ని పేరాలు అలా చెప్పినవే. నా ఫిర్యాదు ఒక్కటే, దానికి ‘ఏమన్నారండీ?’ అనడం నేర్పకపోవడం. అది నేర్పడం కష్టమని కూడా నేననుకోను. కొనేవాళ్లు అడగలేదు, అంతే.

మా అక్క కూతురు డల్లాస్ దగ్గర డాక్టరు. మైకూ లేదు, మీటా లేదు ఇప్పుడు. గదిలో పేషెంటుతో మాట్లాడుతుంటే ఫోనే విని, నోట్సు రాసి ఇస్తుంది. పేషెంటు సరే అంటేనే వాడాలట. పోయిన నెల ఫోన్లో చెప్పింది, “పిన్నీ, ఒకామె వాళ్లమ్మకి షుగరు అని చెబితే, ఈమెకే షుగరని రాసిందిది.”

“ఎలా పట్టుకున్నావే?”

“ఆవిడ చెప్పింది నాకు గుర్తుంది కాబట్టి. రోజుకి పాతికమందిని చూస్తాను, అన్నీ గుర్తుంటాయా?”

వినపడని చోట, తేలని చోట ఖాళీ వదిలే ఏర్పాటు ఉందేమో కంపెనీని అడగమన్నాను. అడిగిందట. ఖాళీలుంటే డాక్టర్లు విసుక్కుంటారండీ, అందుకే పెట్టలేదు అన్నారట వాళ్లు. దాని ఆస్పత్రిలో రిటైరు కాబోతున్న ఒక పెద్ద డాక్టరుగారున్నారు, ముప్పై ఏళ్లు మైకులో చెప్పిన మనిషి. ఆయన్ని అడిగితే నవ్వి, మా ట్రాన్స్‌క్రిప్షన్ వాళ్లు గీతలు పెట్టి పంపినప్పుడల్లా నేనూ తిట్టుకునేవాణ్ణి అన్నాడట.

“తిట్టుకుని ఏం చేసేవాడో అడిగావా?” అన్నాను.

“చార్టు తెప్పించుకుని చూసేవాడట.”